మూడూ నలభైకి నీటిపేట

ఆగస్టు 2

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. గోడకి వేలాడే పుస్తకం ఒకటి ఉండనే ఉంది. అందులో రోజుకి ఆరుసార్లు అంకెలు రాస్తాను: నీళ్ళ వేడి, ఉప్పు, మేత, ఇన్సులిన్ మీటరు. అంకెల పుస్తకంలో మాటలు రాయకూడదని డాక్టరమ్మ ఆర్డరు. ఒకసారి నేను "ఇవాళ లంకలు ఉల్లాసంగా ఉన్నాయి" అని రాస్తే, ఎర్రసిరాతో కొట్టేసి, "ఎన్ని యూనిట్లు?" అని పక్కన రాసింది. అందుకని పాత ఆటుపోట్ల పట్టిక ఒకటి వెతికి, దాని వెనక పేజీల్లో మొదలుపెట్టాను. డెబ్భై నాలుగేళ్ళ మనిషి మాటల్ని లోపలే పెట్టుకుంటే కడుపుబ్బరం వస్తుంది.

నా పేరు కామాడి త్రిమూర్తులు. ముప్ఫయ్యేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో కంప్రెషర్ మెకానిక్కుని. తర్వాత ఫ్యాక్టరీ ఉన్న ఊరు సముద్రంలోకి వెళ్ళింది, మేము పంట్ల మీదికి వచ్చాం. ఒకప్పుడు జనాన్నీ లారీల్నీ గోదావరి దాటించిన పంట్లే ఇవి. డెబ్భై రెండింటిని గొలుసులతో కలిపి కడితే నీటిపేట అయింది. సహాయం పడవల్లో ఇరవయ్యేళ్ళపాటు తెల్లబియ్యం, బిస్కెట్లు తప్ప మరొకటి రాలేదు. ఫలితంగా మా పేటలో షుగరు లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేనూ పదిహేనేళ్ళు ఆ జబ్బుతో కాపురం చేసినవాణ్ణే. మా ఆవిడ శేషమ్మకి మాత్రం లేదు. ఆమెకి ఉన్న జబ్బు నేనే అంటుంది.

ఇప్పుడు ముప్ఫై ఎనిమిదో పంటు మీద, పాత ఐసు గదిలో, ఒక గాజు ట్యాంకు ఉంది. మనిషి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. వాటిని మొదట చూసింది ఇంకా చదువుకుంటున్న ఒక జర్మనీ అబ్బాయట. చూశాడు గానీ, అవి ఎందుకున్నాయో తనకి తెలియదని నిజాయితీగా రాసి ఊరుకున్నాడట. తెలియదని రాసినవాడి పేరే వాటికి నిలిచిపోయింది. ఈ సంగతి చదివిన రోజున నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం వేసింది. పుస్తకాల్లో వాటిని దీవులంటారు. మాకు నీళ్ళ మధ్యనున్న నేలంటే లంకే కాబట్టి లంకలన్నాం. గసగసాల గింజకన్నా చిన్నవి. ట్యాంకులో పెరిగినవాటిని వేలకొద్దీ పోగుచేసి, చిక్కుడుగింజంత సంచిలో నింపి, డాక్టరమ్మ మన పొట్ట చర్మం కింద పెడుతుంది. అక్కడి నుంచి అవి మన కొలువులో చేరినట్టే.

నేను ట్యాంకు కాపరిని. మేత మీట నొక్కితే గ్లూకోజు నీళ్ళు దిగుతాయి. ఉదయం ఏడింటికి, పన్నెండున్నరకి, రాత్రి ఏడున్నరకి. మధ్యలో మూడున్నరకి నీళ్ళు మార్చడం అయిపోతుంది. అప్పుడు స్టూలు మీద కూర్చుని శేషమ్మ కట్టిచ్చిన కొబ్బరి లౌజు తింటాను. లంకల్ని మొదటి విడతలోనే నాకు పెట్టారు, కాపరి బతికితే మిగతావాళ్ళకి పెడదామని. బతికాను. అప్పటి నుంచీ రోజుకొక లౌజు. లంకలకీ ఒక నొక్కు నొక్కుతాను. ఎదురుగా ఉన్నవాళ్ళకి పెట్టకుండా నోట్లో వేసుకోవడం మా అమ్మ నేర్పలేదు. ఆవిడ ఒకసారి బస్సులో ఉడకబెట్టిన వేరుశెనగకాయల పొట్లం విప్పి, ముందు సీటుతో మొదలుపెట్టి బస్సంతా పంచి, చివరికి కండక్టరుకి ఆఖరి నాలుగు కాయలూ పెట్టేసి ఖాళీ కాగితంతో ఇంటికొచ్చింది. ఆ కాగితం మీద ఉన్న వార్తలు నాకు చదివి వినిపించింది. నా చదువు అక్కడే మొదలైంది.

ఏం చెబుతున్నాను? అవును, ట్యాంకు. ఇవాళ అంతా మామూలే.

ఆగస్టు 5

ఇవాళ్టి విశేషం ప్రెసిడెంటు భాస్కరరామం గారి మీసం. నీటిపేటలో ఆ మీసానికి ఉన్నంత గౌరవం ఆయనకి కూడా లేదు. మధ్యాహ్నం సెలూన్లో కూర్చుని అంచులు సరిచెయ్యమన్నారట. అబ్బులు కత్తి పట్టుకున్నాడు. సగంలో ఉండగా అబ్బులికి చెయ్యి వణికింది, చెమటలు పట్టాయి, తన బతుకు ఇలా అయిపోయిందని ఏడుపొచ్చింది. ప్రెసిడెంటు గారు లేచి కసరాలి గదా. ఆయనకీ సరిగ్గా అప్పుడే కళ్ళు తిరిగాయి. అబ్బులు భుజం మీద తలపెట్టి ఆయనా ఏడ్చారట. చెరో టీ తాగి, నాలుగేసి బిస్కెట్లు తిన్నాక తేరుకుని చూసుకుంటే మీసం ఎడమవైపు మాత్రమే మిగిలింది. రెండోవైపు కూడా తీయించుకోవచ్చు. తీయించుకుంటే జరిగింది ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అలాగే ఉంచారు.

అదే వేళకి మంచినీళ్ళ వరసలో ఇద్దరు ఆడవాళ్ళు నా బిందె ముందంటే నా బిందె ముందని జుట్లు పట్టుకున్నారు. పది నిమిషాల తర్వాత ఒకరి జడ ఒకరు అల్లుకుంటూ కనిపించారు. గొడవ ఎందుకొచ్చిందని అడిగితే ఇద్దరికీ గుర్తు లేదు.

నాకు ఇవన్నీ చెప్పింది నూకరత్నం. మా పంటు మీదే గొలుసు మర ఉంది. పోటు వస్తే గొలుసులు వదలాలి, ఆటు వస్తే బిగించాలి, లేకపోతే పంట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఆ మర తిప్పేది ఆమె. ముప్ఫై తొమ్మిదేళ్ళు. నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది.

"ఏంటి బాబాయ్, పేటంతా ఒకేసారి అలుగుతోంది?" అంది తలుపు దగ్గర నిలబడి. "వారం రోజులుగా చూస్తన్నాను. మూడున్నర దాటేక పలకరిస్తే ఒట్టు, కరిచేస్తన్నారు. నాలుగయ్యేసరికి మళ్ళీ మనుషులైపోతన్నారు."

"ఉక్కపోతమ్మా," అన్నాను.

"నీకు పొయ్యట్లేదా ఉక్క?"

నిజమే. నాకు పోయడం లేదు. ఆ సంగతి అంతకుమించి ఆలోచించలేదు.

నూకరత్నంది మా అందరి షుగరు లాంటిది కాదు. ఒంట్లోని కాపలావాళ్ళే సొంత లంకల్ని దొంగలనుకుని చంపేసిన రకం. తొమ్మిదో ఏట మొదలైంది. ముప్ఫయ్యేళ్ళుగా సూది మీదే బతుకు. మామూలు సంచి పెడితే కాపలావాళ్ళు వీటినీ చంపేస్తారు. వాళ్ళు చొరబడలేని సన్నపు వలసంచి ఒకటి జులైలో ఒడ్డు నుంచి వచ్చింది. దానికి ముగ్గురికి సరిపడా లంకలు కావాలి. ట్యాంకు అంత నిండేది ఈ నెల ఇరవై నాలుగుకి. ఒడ్డున అందరికీ లంకలు వచ్చేశాక ఇన్సులిన్ సీసాలు చేసే ఫ్యాక్టరీ మూసేశారు. ఆమె దగ్గరున్న సీసాలు సెప్టెంబరు రెండో వారం దాకా వస్తాయి.

ఆగస్టు 9

పెళ్ళికి వెళ్ళాం. వలల కొట్టు వారి అమ్మాయి, అరవయ్యో పంటు అబ్బాయి. ముహూర్తం మూడు గంటల నలభై రెండు నిమిషాలకి. ఎవరు పెట్టారో గానీ ఆయన నోట్లో పంచదార పొయ్యాలి. నిజంగానే పొయ్యాల్సి వచ్చింది.

తెర పట్టారు. ఇటు పెళ్ళికొడుకు, అటు పెళ్ళికూతురు. ఇద్దరి చేతుల్లోనూ తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్దలు. పంతులు గారు మంత్రం ఎత్తుకుని, సగంలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని, ఈసారి పావువంతులోనే ఆగి, కలశం పక్కనున్న అరటిపండు ఒలిచారు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సినవాళ్ళు కుర్చీల్లో వేలాడిపోతున్నారు. సన్నాయి ఆయన ఊదడం మానేసి, ఈ ఊళ్ళో కళకి విలువ లేదని డోలు ఆయనతో తగువు పెట్టుకున్నాడు.

పెళ్ళికూతురు పాపం తల వంచుకుని కూర్చుంది, నడినెత్తిన చెయ్యి పడుతుందని. ఎంతకీ పడలేదు. చివరికి తనే తెర పక్కకి తప్పించి చూసింది. పెళ్ళికొడుకు వేళ్ళు నాకుతున్నాడు. తమలపాకు కూడా లేదు.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "నా చేతిలోది కూడా కావాలాండి?" అంది.

అతను తలూపాడు. ఆమె పెట్టింది. తర్వాత శేషమ్మ వంటపాక నుంచి మళ్ళీ జీలకర్ర బెల్లం నూరి తెచ్చింది. ముహూర్తం పన్నెండు నిమిషాలు దాటింది. కానీ అంత నిదానంగా, అడిగి మరీ పెట్టిన పెళ్ళికూతుర్ని నేను చూడలేదు. కాపురం బాగుంటుందనే నా నమ్మకం.

నేను నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. ఆ గుంపులో నవ్వుతున్నవాళ్ళం కొద్దిమందిమే. ఎవరెవరం నవ్వుతున్నామో ఒక మూల నిలబడి డాక్టరమ్మ రాసుకుంటోందని నాకు తర్వాత తెలిసింది. ఆమె కూడా నుదుట చెమటతో, వణికే చేత్తోనే రాస్తోంది.

ఆగస్టు 10

డాక్టరమ్మ పేరు మేరీ సునంద. మాటకి ముందు ఊపిరి, తర్వాత అంకె. ఇవాళ ప్రెసిడెంటు గారిని వెంటబెట్టుకుని ట్యాంకు గదికి వచ్చింది.

"మొదటి విడతలో లంకలు పెట్టింది ముప్ఫై ఒక్కమందికి. వాళ్ళలో ఒక్కరికీ మూడూ నలభైకి ఏమీ కాలేదు. పోయిన నెల వరసగా పెట్టిన రెండో విడత, మూడో విడత కలిపి రెండువందల పద్నాలుగు. నాతో సహా అందరికీ అవుతోంది. ఆ వేళకి ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి, షుగరు పడిపోతోంది," అంది.

"అంటే?" అన్నారు ప్రెసిడెంటు గారు, ఎడమవైపు మీసం దువ్వుకుంటూ. అలవాటుగా కుడివైపుకీ వెళ్ళిన చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది.

"మొదటి విడత తర్వాత ట్యాంకుకి ఏదో సోకింది. వైరస్ కావచ్చు. ఏమిటో నాకు ఇంకా దొరకలేదు."

"ఒడ్డువాళ్ళ పనే అయ్యుంటదండి. మన ఎదుగుదల చూళ్ళేక."

"ఒడ్డువాళ్ళకి మనం బతికున్నామని తెలిస్తే చాలండి," అంది డాక్టరమ్మ. "ట్యాంకు మొత్తం పారబోసి, మరిగించి, కొత్త విత్తుతో మొదలుపెట్టాలి. పదకొండు నెలలు పడుతుంది. ఇప్పుడున్నవాళ్ళ సంచుల సంగతి తర్వాత చూద్దాం."

ఇరవై ఒకటో తేదీ ఖాయం చేశారు. పారబోతకి కౌన్సిలు సంతకాలు కూడా సాయంత్రానికల్లా అయిపోయాయి. వాళ్ళిద్దరూ గదిలోంచి వెళ్ళగానే తలుపు అవతల నూకరత్నం కనిపించింది. గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటోంది. అంతా విన్నట్టుంది.

"పదకొండు నెలలు," అంది.

"ఏదో ఒకటి చేస్తారులే అమ్మా."

"ఎవరు బాబాయ్?"

ఆమె వెళ్ళి మర తిప్పుకుంది. మామూలుగా పాడుకుంటూ తిప్పుతుంది.

ఆగస్టు 13

ఇవాళ రాసేది గోడ పుస్తకంలో రాయలేదు.

మూడు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలకి స్టూలు లాగాను. లౌజు పొట్లం ఇంకా విప్పలేదు. కళ్ళజోడు తుడుచుకోవడానికి తీసి, పెట్టుకుంటూ ఎందుకో మీటరు వైపు చూశాను. ఆ వేళప్పుడు నేను మీటరు ఎప్పుడూ చూడను. గోడ పుస్తకంలో మూడున్నరకి ఒక అంకె, ఐదింటికి ఒక అంకె. మధ్యలో గంటన్నర ఎవరికీ అక్కర్లేదు. నలభై ఉండాల్సిన ముల్లు యాభై దాటింది. అరవై. డెబ్భై అయిదు.

నేను ఇంకా మీట నొక్కలేదు.

ముల్లు ఎనభై మీద నిలబడింది. ట్యాంకులో లక్షల లంకలు, కళ్ళు లేవు, ముక్కు లేదు, నాలుక లేదు. అయినా త్రిమూర్తులు స్టూలు లాగే వేళయిందని వాటికి తెలుసు. ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటుందని ఎప్పుడో చదివాను. ఆ గడియారాలకి కీ ఇచ్చినవాణ్ణి నేనే. రెండేళ్ళ రెండు నెలలుగా, రోజూ ఒకే నిమిషానికి, ఒక తీపి నొక్కు. తీపి వచ్చేలోపు ఇన్సులిన్ వడ్డించి సిద్ధంగా ఉంచడం నేర్చుకున్నాయి. ఎవరి పొట్టలోకి వెళ్ళినా, అక్కడా మూడూ నలభైకి విస్తరి వేసి కూర్చుంటున్నాయి. వడ్డించేవాడు లేడు. మిగతా మూడు మేతల వేళకీ ఎలాగూ అందరూ ఏదో ఒకటి తింటూనే ఉంటారు. మొదటి విడత వెళ్ళిపోయాకనే నా లౌజులు మొదలయ్యాయి. అందుకే మేం ముప్ఫై ఒక్కమందిమి నవ్వుతూ తిరుగుతున్నాం.

నేను మీట నొక్కలేదు. లౌజు కూడా తినలేదు. ఏడు నిమిషాలు చూసి ముల్లు నెమ్మదిగా దిగింది. అది దిగిన తీరు ఎలా ఉందంటే, పిలుస్తారేమోనని వాకిట్లో నిలబడి, పిలవకపోతే వెళ్ళిపోయిన చుట్టంలా ఉంది.

ఆగస్టు 14

నిన్న తినని లౌజు పొట్లం శేషమ్మకి సంచిలో దొరికింది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను తిండి వెనక్కి తేవడం ఇది రెండోసారి. మొదటిసారి మా నాన్న పోయినప్పుడు.

"ఒంట్లో బాలేదా?" అంది.

చెప్పాను. చేపలకి పొలుసు తీస్తూ అంతా విన్నది.

"డాక్టరమ్మకి చెప్పేవా?"

"ఎలా చెప్పనే? ఆర్డరు లేకుండా మేత వేశానని తాళం తీసుకుంటారు. ఈ వయసులో నన్ను ఇంకెవరు దేనికి కాపలా పెడతారు? నెమ్మదిగా నేనే మాన్పించేద్దామనుకుంటున్నాను. మీట నొక్కడం మానేస్తే వాటంతట అవే మర్చిపోతాయి."

"ఇరవై ఒకటిలోగానా?"

నేను కింద పడ్డ పొలుసులు ఏరడం మొదలుపెట్టాను.

"నూకరత్నం ఇంట్లో సీసాలు ఎన్నున్నయ్యో తెలుసా? నాలుగు. మొన్న ఉప్పుకని వెళ్ళి చూసొచ్చేను. కిటికీలో వరసగా పెట్టుకుంది, రోజూ కనపడేలా." కత్తి కడిగి పక్కన పెట్టింది. "నీ స్టూలు నీకుండాలని ఆ పిల్లని పారబోస్తావా?"

మా ఆవిడ ఎప్పుడూ ఇంతే. నేను పదిరోజులు తిరిగి తిరిగి చేరే చోటికి తను చేపలు తోముతూ చేరిపోతుంది.

ఆగస్టు 16

చెప్పేశాను.

డాక్టరమ్మ ముందు నమ్మలేదు. తర్వాత నమ్మింది. నమ్మకముందుకన్నా నమ్మాకే ఎక్కువ కష్టమైంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళ రెండు నెలలండి."

"రోజూ?"

"ఆదివారం రెండండి. శేషమ్మ ఆదివారం లౌజు పెద్దది కడుతుంది."

ఆమె కళ్ళు మూసుకుంది. "గోడ పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

"ఒకరికి పెట్టింది ఎక్కడన్నా రాసుకుంటామాండి?"

నేను ఎగతాళికి అనలేదు. నిజంగానే నాకు ఆ ఊహ రాలేదు. నీళ్ళ వేడి రాశాను, ఉప్పు రాశాను, ఆర్డరు ప్రకారం వేసిన మేత రాశాను. ఇది మేత కాదు. నేను తింటూ పెట్టింది. డాక్టరమ్మ ఎర్రసిరా పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

"మూడూ ముప్ఫై ఎనిమిదికి చూపించండి," అంది.

చూపించాను. ఇద్దరం మీటరు ముందు నిలబడ్డాం. ముల్లు నలభై నుంచి లేచింది. యాభై, అరవై. ఆమె అంకెలు రాసుకుంటూనే ఉంది. డెబ్భై దగ్గర రాత వంకర్లు పోయింది. డెబ్భై ఎనిమిది దగ్గర కాగితం మీద నుంచి బల్ల మీదికి వెళ్ళిపోయింది.

"త్రిమూర్తులు గారూ," అంది గోడకి ఆనుకుని, "ఉందా?"

పొట్లం విప్పి ఇచ్చాను. సగం తిని, మిగతా సగం చేతిలో పట్టుకుని, ముల్లు దిగేదాకా చూసింది.

"జబ్బు కాదు," అంది చివరికి. "అలవాటు." తర్వాత అంది, "నేను వైరస్ అని రాసి ఇచ్చాను. కౌన్సిలు సంతకాలు చేసేసింది. ఇప్పుడు అది వాళ్ళే రద్దు చెయ్యాలి. మీరు వచ్చి వాళ్ళ ముందు చెప్పాలి."

"అందరి ముందా అండి?"

"అందరి పొట్టల్లోనూ పెట్టారుగా."

ఆగస్టు 18

కౌన్సిలు మధ్యాహ్నం మూడింటికి అన్నారు. వేళ పెట్టింది ప్రెసిడెంటు గారు. మూడూ నలభైలోగా తేల్చేస్తామని ఆయన ధీమా. ఏ విషయమైనా నలభై నిమిషాల్లో తేలిన కౌన్సిలు ఒకటి ఉందని నేను ఎక్కడా చదవలేదు.

పెద్ద పంటు మీద తడికల పందిట్లో పేటంతా చేరింది. నేను లేచి చెప్పాను. లౌజు దగ్గర మొదలుపెడితే అర్థం కాదనిపించి మా అమ్మ దగ్గర మొదలుపెట్టాను. బస్సు, వేరుశెనగకాయలు, కండక్టరు అయ్యేసరికి మూడుంబావు.

"ట్యాంకులోకి రావయ్యా బాబూ," అని ఎవరో అరిచారు.

ట్యాంకులోకి వచ్చాను. అంతా చెప్పాక అందరూ ఒకేసారి మాట్లాడారు. సెలూను అబ్బులు లేచి, "అంటే నేను ప్రెసిడెంటు గారి మీసం తీసింది నీ లౌజు వల్లా?" అన్నాడు. పంతులు గారు ఇంకాస్త సూక్ష్మమైన సందేహం లేవదీశారు: కాపరి తింటూ పెట్టాడు గనక ఇవి ఎంగిలి లంకలా, కావా. ఎంగిలైతే ఇన్నాళ్ళుగా తన ఒంట్లో ఉన్నవాటి సంగతేమిటి. మేత వేరే గొట్టంలోంచి వస్తుందని, కాపరి చెయ్యి కూడా తగలదని డాక్టరమ్మ చెప్పింది. ఆయన సగం తృప్తిపడ్డారు.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. "జబ్బయినా అలవాటైనా పాడైన సరుకు పాడైన సరుకే. పారబోసెయ్యడం మంచిది. మళ్ళీ శుభ్రంగా మొదలెడదాం. పదకొండు నెలలు ఎంతలో గడుస్తయ్యండి."

చాలామంది తలలూపారు. వాళ్ళది తప్పని అనను. రోజూ పావుగంట వణికినవాళ్ళు. నేను నూకరత్నం వైపు చూడలేకపోయాను. ఆమె పందిరి గుంజకి ఆనుకుని నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

ఈలోగా మూడూ నలభై అయింది.

ప్రెసిడెంటు గారు మాట మధ్యలో ఆగి, లేని మీసం తడుముకుని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పంతులు గారు అబ్బులు మీద విరుచుకుపడ్డారు, అబ్బులు ఆయన్ని కావలించుకుని ఏడ్చాడు. రెండువందల మంది ఒకేసారి చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతూ, ఒకర్నొకరు తిట్టుకుంటూ కూలబడ్డారు. ఒకేసారి అందర్నీ అలా చూడటం అదే మొదలు. నాకు నవ్వు రాలేదు.

శేషమ్మ ముందే ఊహించినట్టుంది. గుడ్డ కప్పిన గంగాళం తెచ్చి పందిరి మధ్యలో దించింది. నాలుగువందల లౌజులు. పంచడానికి లేచిన నన్ను ఒక్క చూపుతో కూర్చోబెట్టి, గరిటె నూకరత్నానికి ఇచ్చింది.

ఆ పని నూకరత్నానికి తెలిసినంతగా పేటలో ఎవరికీ తెలియదు. ఎవరి పెదాలు తెల్లబడ్డాయో వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళింది. నమలలేని ముసలివాళ్ళకి నీళ్ళలో చిదిమి ఇచ్చింది. వద్దని చెయ్యి తోసేసిన ప్రెసిడెంటు గారి బుగ్గ పట్టుకుని, "నోరు తెరు బాబాయ్, తెలివొచ్చేక తిడుదువుగానిలే," అని పెట్టింది. అరవయ్యో పంటు పెళ్ళికొడుక్కి అతని పెళ్ళాం అప్పటికే పెడుతోంది. నూకరత్నం మొత్తం పందిరంతా తిరిగింది. ఒక్కసారి కూడా తొందరపడలేదు, ఒక్కర్ని కూడా మర్చిపోలేదు. ఆమె మాత్రం నోట్లో వేసుకోలేదు.

నాలుగింటికి అందరూ మనుషులయ్యారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేక గంగాళం వైపు చూస్తున్నారు. అప్పుడు ఆమె గరిటె దించి మాట్లాడింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"ఇప్పుడు మీకొచ్చింది చూసేరు కదండి. సూది కాస్త ఎక్కువైతే చాలు, ఇదే నాకు తొమ్మిదో ఏటి నుంచీ వస్తంది. ఎప్పుడొస్తదో తెలీదు. మరమీదున్నప్పుడు వస్తది, నిద్దర్లో వస్తది. మీకు రోజుకి పావుగంట. అదీ టైము ప్రకారం." కొంచెం ఆగింది. "నాకొచ్చినప్పుడు ఎవరూ మీటింగు పెట్టలేదండి. పెట్టమని నేనూ అడగలేదు. ఆ ఎంగిలి లంకలే నాకిచ్చెయ్యండి. మూడూ నలభైకి ఆకలేస్తదని ముందే తెలిస్తే, మిగతా రోజంతా నేను మర్చిపోయి బతకొచ్చు."

ఎవరూ చెయ్యెత్తమనలేదు. ప్రెసిడెంటు గారు పారబోత కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు. దాని మాట మళ్ళీ ఎత్తలేదు.

నా విషయంలో మాత్రం కౌన్సిలు ఇంకో గంటంబావు కూర్చుంది. చివరికి తేల్చింది ఇదీ. తాళం డాక్టరమ్మ దగ్గరుంటుంది, గది నాకే ఉంటుంది. ట్యాంకు గదిలో నేను మంచినీళ్ళు కూడా తాగకూడదు. మూడూ నలభై నొక్కు ఒక్కసారిగా మాన్పకుండా కొద్దికొద్దిగా తగ్గించాలి, దాన్ని గోడ పుస్తకంలో రాయాలి. రోజూ మూడూ ముప్ఫై అయిదుకి గొలుసు మర దగ్గర సైరను మోగాలి, అందరూ ఏదో ఒకటి తినాలి. పెళ్ళి ముహూర్తాలు పంతులు గారు ఆ వేళకి పెట్టకూడదు.

ప్రెసిడెంటు గారు వెళ్తూ వెళ్తూ అబ్బులు దగ్గర ఆగి, రెండోవైపు కూడా తీసెయ్యమన్నారు.

ఆగస్టు 24

నూకరత్నానికి వలసంచి పెట్టారు. గంటా నలభై నిమిషాలు పట్టింది. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయింది. గోడ పుస్తకంలో అంకెలు రాశాను. డాక్టరమ్మ కొత్తగా ఒక గడి గీసిచ్చింది. దాని మీద ఎర్రసిరాతో "లౌజు" అని తనే రాసింది. అందులో సగం నొక్కు అని రాశాను.

లంకలు కొత్త చోట కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుందట. అంతవరకూ సూది ఉంటుంది. నూకరత్నం వాళ్ళ కిటికీ శేషమ్మ చూసొచ్చింది. మూడు సీసాలున్నాయంది.

ఆగస్టు 31

విశేషాలు లేవు. సైరను మోగితే పేటంతా నమలడం వినిపిస్తుంది. నీళ్ళ మీద చప్పుడు బాగా సాగుతుంది. డెబ్భై రెండు పంట్లు ఒకేసారి నములుతుంటే, ఐసు ఫ్యాక్టరీలో పాత నాలుగో నంబరు కంప్రెషర్ గుర్తొస్తుంది. అది కూడా బేరింగు అరిగినప్పుడు అలాగే అనేది. దాని గురించి ఇంకోసారి రాయాలి.

నేను బయట, తలుపు అవతల, గుంజ దగ్గర నిలబడి తింటున్నాను. మొదటి రెండు రోజులూ గొంతు దిగలేదు. ఇప్పుడు దిగుతోంది.

సెప్టెంబరు 9

నిన్నటితో సూది ఆపేశారు. షుగరు ఉదయం నూట ఆరు, మధ్యాహ్నం నూట ఇరవై ఒకటి. ఈ అంకెలు నావి కావు, నూకరత్నంవి. డాక్టరమ్మ వాటిని నా గోడ పుస్తకంలోనే రాసింది, మూడుసార్లు కింద గీతలు గీసింది.

మూడూ ముప్ఫై అయిదుకి నూకరత్నం సైరను మోగించి, మర ఆపి, నేనున్న చోటికి వచ్చింది. నుదుట చిన్న చెమట పట్టింది. చెయ్యి చాపి వేళ్ళు చూసుకుంది. కొంచెం వణుకుతున్నాయి.

"వచ్చింది బాబాయ్," అంది. "చెప్పిన టైముకే వచ్చింది."

ఆమె చక్కెరని మందుగా మింగింది తప్ప తొమ్మిదో ఏటి తర్వాత తీపిగా ఎప్పుడూ తినలేదు. అది నాకు తెలుసు. నా చేతిలో ఉన్నది ఒక్కటే లౌజు. సగానికి విరిచాను. పెద్ద ముక్క ఆమెకి వెళ్ళింది. ట్యాంకు గది తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాను. మూసే ఉంది.

ఆమె నిదానంగా నమిలింది. చివరిదాకా నమిలి, వేళ్ళు పైటకి తుడుచుకుంది.

"కొబ్బరి కొంచెం ముదిరింది. పిన్నికి చెప్పు," అంది.

తర్వాత ఆటు మొదలైందని గొలుసులు బిగించడానికి వెళ్ళిపోయింది.